అడగండి చెప్తాను: రగ్బీ లీగ్ కుర్రాళ్లకి రెస్ట్ ఎప్పుడివ్వాలి?

సిడ్నీ వెస్ట్‌లో మన తెలుగు పిల్లలు కూడా రగ్బీ లీగ్ ఆడుతున్నారని పోయిన నెల ఈ పేజీలో రెండు ముక్కలు రాశాను, దానికి వచ్చిన మెయిల్స్‌లో చాలావరకు ఒకటే సంగతి, కుర్రాళ్లకి రెస్ట్ ఎప్పుడివ్వాలి, ఎవరివ్వాలి, ఇస్తే వాళ్ల ప్లేస్ పోదా అని. నేను ఇక్కడ జూనియర్ టీమ్స్‌కి ట్రైనర్‌గా పన్నెండేళ్ల నుంచి నీళ్ల సీసాలు, టేపులు పట్టుకుని గ్రౌండ్ పక్కనే నిలబడుతున్నా. ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: ఆట 80 నిమిషాలే కదండీ, అదీ వారానికోసారి. మా ఊళ్లో కుర్రాళ్లు మండుటెండలో రోజంతా క్రికెట్ ఆడతారు. ఇరవై ఏళ్లు కూడా లేని వాళ్లకి రెస్ట్ ఏంటండీ? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: క్రికెట్‌తో కాకుండా కబడ్డీతో పోల్చుకోండి, టక్కున అర్థమవుద్ది. టీమ్‌కి 13 మంది. బంతి ఉన్న టీమ్‌కి ఆరు ట్యాకిల్స్ (బంతి పట్టుకుని వచ్చేవాడిని పట్టి ఆపడం) దాకా ఛాన్స్ ఉంటది, ఒక్కో ట్యాకిల్ అవ్వగానే డిఫెన్స్ వాళ్లు పది మీటర్లు వెనక్కి పరిగెత్తాలి, మళ్లీ ముందుకొచ్చి ఇంకో మనిషిని పడగొట్టాలి, మళ్లీ వెనక్కి. కబడ్డీలో రైడర్‌ని పట్టేశాక కాస్త ఊపిరి పీల్చుకుంటారు, ఇక్కడ ఆ సందు ఉండదు. మధ్యలో ఆడే భారీ మనుషులు, వాళ్లనే ఫార్వర్డ్‌లు అంటారు, వాళ్లలో ఒకడైన హుకర్ అయితే ఒక్క మ్యాచ్‌లో 40 ట్యాకిల్స్ చేయడం మామూలు విషయం, ఎదురొచ్చేది వంద కిలోలు దాటిన మనిషి. పైగా ఆస్ట్రేలియాలో పెద్ద పోటీ ఎన్ఆర్ఎల్‌లో ప్లేయర్లని మార్చుకునే ఛాన్సులు 2016లో 10 నుంచి 8కి తగ్గించారు, 2020లో సిక్స్ అగైన్ రూల్ తెచ్చారు, అంటే ఇంతకుముందు పెనాల్టీ ఇచ్చి ఆట ఆపే కొన్ని తప్పులకి ఇప్పుడు ఆట ఆపకుండానే ట్యాకిల్స్ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుద్ది. చూసేవాళ్లకి బావుంటది, ఆడేవాడికి ఆయాసం తీర్చుకునే ఆ అర నిమిషం పోయింది.

ఇక వయసు సంగతి. 18 ఏళ్ల కుర్రాడు చూడ్డానికి ఎదిగిన మనిషిలాగే ఉంటాడు, జిమ్‌లో బరువులు కూడా పెద్దోళ్లతో సమానంగా ఎత్తేస్తాడు, కానీ లోపల ఎముకలు ఇంకా కుదురుకుంటూనే ఉంటాయి. కాలర్‌బోన్ ఉంది కదా, ఛాతీ వైపు దాని కొస ఇరవై దాటిన కొన్నేళ్లకి గానీ పూర్తిగా అతుక్కోదు, ఒంట్లో పొడవాటి ఎముకల్లో అన్నిటికన్నా ఆఖర్న అతుక్కునేది అదే. ఈ ఆటలో దెబ్బ తగిలేది సరిగ్గా ఆ భుజం మీదే. అందుకే ఎన్ఆర్ఎల్‌లో 18 నిండకుండా ఫస్ట్ గ్రేడ్, అంటే క్లబ్ మెయిన్ టీమ్‌కి ఆడకూడదని రూల్ ఉంది. 2021లో జోసెఫ్ సువాలీకి స్పెషల్ పర్మిషన్ ఇచ్చారు, 17 ఏళ్లకే సిడ్నీ రూస్టర్స్‌కి ఆడాడు, ఐదు మ్యాచ్‌లకే పాదానికి దెబ్బ తగిలి ఆ సీజన్ అయిపోయింది. చిన్నోడు కాబట్టే తగిలిందని నేను అనను, అలాంటి దెబ్బ ముప్పై ఏళ్ల వాడికీ తగలొచ్చు. కానీ రూల్ ఎందుకు పెట్టారో మర్చిపోకూడదని మాత్రం అంటా.

ప్రశ్న: మా అబ్బాయికి 17, ఇయర్ 12, అంటే స్కూల్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. స్కూల్ టీమ్‌లో ఉన్నాడు, ఇక్కడి క్లబ్‌లో ఉన్నాడు, ఈ ఏడాది ఎస్‌జీ బాల్ స్క్వాడ్‌లోకి కూడా తీసుకున్నారు. మూడు చోట్లా కోచ్‌లు వేరు వేరు. వాడినేమో అడిగితే ఐ యామ్ ఫైన్ అమ్మా అంటాడు తప్ప ఇంకో మాట ఉండదు. ఎప్పుడు ఆపాలో నాకెలా తెలుస్తుందండీ? మా వారైతే చదువు పాడైపోతుంది, మొత్తం మానిపించేద్దాం అంటున్నారు. – ఒక అమ్మ, బ్లాక్‌టౌన్, సిడ్నీ

జవాబు: అమ్మా, మీ మెయిల్ నేను మూడుసార్లు చదివాను. తెలియని వాళ్లకి ముందు ఒక మాట, ఎస్‌జీ బాల్ అంటే న్యూ సౌత్ వేల్స్‌లో అండర్ 19 పోటీ, పెద్ద క్లబ్బులు తమ ఏరియాలో మంచి కుర్రాళ్లని ఏరి ఆడిస్తాయి. మ్యాచ్‌లు ఫిబ్రవరిలో మొదలవుతాయి, ట్రైనింగ్ మాత్రం నవంబర్ నుంచే. అది అయ్యేసరికి క్లబ్ సీజన్ నడుస్తుంటది, అది ఆగస్టు సెప్టెంబర్ దాకా పోద్ది, మధ్యలో స్కూల్ మ్యాచ్‌లు, అవేమో వారం మధ్యలో. ఇప్పుడు లెక్కేయండి, నవంబర్ నుంచి సెప్టెంబర్, పిల్లాడికి ఖాళీ ఎక్కడుంది? ముగ్గురు కోచ్‌లూ మంచోళ్లే అనుకుందాం, అయినా ఒక్కొక్కరి దగ్గర వాడి లెక్కలో మూడో వంతే ఉంటది. మొత్తం లెక్క ఉండేది మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్‌లో మాత్రమే. అందుకే ఈ విషయంలో కోచ్ కన్నా మీకే ఎక్కువ తెలుసు, ఆ ధైర్యంతో ఉండండి.

నా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్తా. చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక టీమ్‌లో 17 ఏళ్ల కుర్రాడు, లాక్ అనే ఫార్వర్డ్ పొజిషన్‌లో ఆడేవాడు, మాట తక్కువ, ట్రైనింగ్‌కి అందరికన్నా ముందొచ్చి కోన్లు వాడే సర్దేవాడు. ఒక వారం శనివారం మాకు ఆడాడు, బుధవారం స్కూల్‌కి ఆడాడు, మళ్లీ శనివారం మా మ్యాచ్. ఎనిమిది రోజుల్లో మూడు. ఆ రోజు పొద్దున డ్రెస్సింగ్ రూమ్‌లో బెంచీ మీద కూర్చుని సాక్స్ వేసుకుంటున్నాడు, మోకాలు పైకి ఎత్తలేక పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తొడ మీదకి లాక్కున్నాడు. నేను చూశాను. బాగానే ఉందా అని అడిగితే బాగానే ఉందన్నాడు, నేను సరే అనుకున్నా, అవతల ఇంకో ఇద్దరికి టేప్ వెయ్యాలి. సెకండాఫ్ మధ్యలో, అప్పటికే 30 ట్యాకిల్స్ దాటి ఉంటాయి, ఎదురొచ్చిన వాడిని ఆపడానికి ఒక్క అడుగు లేటుగా వెళ్లాడు. అలిసిపోయిన వాడి కాళ్లు మనిషి దగ్గరికి వెళ్లవు, దూరం నుంచే వంగి చేతులు చాపుతాడు, తల పక్కకి వెళ్లాల్సింది ముందుకి వెళ్తది. భుజం అడ్డం పడింది, కాలర్‌బోన్ విరిగింది. కింద పడుకుని వాడు అడిగిన మాట, వచ్చే వారానికి తగ్గిపోద్దా అని. ఆ సాక్స్ చూసినప్పుడే కోచ్ దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజు వాడు ఆడేవాడు కాదు. అప్పటి నుంచి బాగున్నావా అని అడగడం మానేశాను, చూడటం మొదలుపెట్టాను. బాగున్నావా అంటే ఏ కుర్రాడూ బాలేదు అనడు, వాడికి ఆ జెర్సీ అంటే ప్రాణం, పక్కన వాడి ప్లేస్ కోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉంటారు, ఇంక ఎందుకు చెప్తాడు?

మరి ఏం చూడాలంటే, మ్యాచ్ అయిన మర్నాడు ఒళ్లు నొప్పులు ఎలాగూ ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. మూడో రోజు పొద్దున కూడా మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నాడా, కారు దిగేటప్పుడు డోర్ పట్టుకుని లేస్తున్నాడా చూడండి. తిండి తగ్గితే చూడండి, ఈ వయసు పిల్లాడు కంచంలో అన్నం వదిలేస్తున్నాడంటే నేను ఫిజియో రిపోర్ట్ కన్నా దాన్నే ముందు నమ్ముతా. నిద్ర ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటలు ఉండాలి, పడుకున్నా పట్టట్లేదంటే, చిన్నదానికీ చెల్లెలి మీద విసుక్కుంటున్నాడంటే, అదీ గుర్తే. నడుం కింది భాగంలో ఒకే చోట రెండు మూడు వారాలుగా నొప్పి అంటుంటే మాత్రం ఆలోచించకుండా డాక్టర్‌కి చూపించండి, ఎదిగే పిల్లల వెన్నులో సన్నటి పగుళ్లు ఇలాగే మొదలవుతాయి.

కానీ అమ్మా, అసలు ఈ గుర్తులు కనిపించే దాకా ఆగకూడదు. నేను పాటించే పద్ధతి ఏంటంటే ఐదు రోజుల్లో రెండు మ్యాచ్‌లు పడితే ఒకటి వదిలేయాలి, ఐదారు వారాలకి ఒక వారం మ్యాచ్ లేకుండా ఉండాలి, ఏడాది చివర ఆరు వారాలైనా బంతి ముట్టుకోకూడదు, ఈత కొట్టుకోనివ్వండి, క్రికెట్ ఆడుకోనివ్వండి. ఆ ఖాళీ వారాలు సీజన్ మొదట్లోనే క్యాలెండర్ మీద రాసేయండి, ఎందుకంటే సీజన్ మధ్యలో ఏ వారమైనా ముఖ్యమైన వారమే, ప్రతి కోచ్‌కీ ప్రతి మ్యాచ్ గెలవాల్సిన మ్యాచే. ముగ్గురు కోచ్‌లకీ ఒకే మెయిల్ పెట్టండి, ఒకరికి పంపింది మిగతా ఇద్దరికీ కనిపించేలాగా, ఇదిగో మా వాడి మొత్తం షెడ్యూల్, ఈ వారాలు వీడు ఆడడు అని. నేను చూసినంతలో ఆ మెయిల్ వచ్చాక గొడవ పెట్టుకున్న కోచ్ లేడు, ఇంత ఆడుతున్నాడని మాకు తెలీదే అన్నవాళ్లే ఎక్కువ.

మీ వారికి నా మాటగా చెప్పండి, మానిపించొద్దండీ. ఇయర్ 12లో ట్రయల్ ఎగ్జామ్స్, అంటే అసలు పరీక్షల ముందు పెట్టేవి, ఆగస్టు చుట్టుపక్కల పడతాయి కదా, ఒక రెస్ట్ వారం సరిగ్గా అక్కడ పెట్టండి. ఆయనకీ సర్ది చెప్పినట్టుంటది, పిల్లాడి ఒంటికీ మంచిది.

ప్రశ్న: మా వాడికి 15. మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కాసేపు తికమకగా మాట్లాడాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. తలకి దెబ్బ తగిలితే ఎన్ఆర్ఎల్ ప్లేయర్స్‌కి 11 రోజుల రెస్టే అంటున్నారు, రెండు వారాలు అయింది, పంపొచ్చా? – ఒక నాన్న, మెల్‌బోర్న్

జవాబు: పంపొద్దు. ఆ 11 రోజులు పెద్దవాళ్లకి, క్లబ్ డాక్టర్లు రోజూ పక్కనుండి చూసుకునే ప్రొఫెషనల్స్‌కి. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం పిల్లలకీ కమ్యూనిటీ ప్లేయర్స్‌కీ మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు, అదీ తలనొప్పి, తల తిరగడం లాంటివి ఏమీ లేకుండా 14 రోజులు గడిచాకే ట్రైనింగ్‌లో కూడా ఒకరినొకరు గుద్దుకునే పని మొదలుపెట్టాలి. చిన్న వయసు కదా తొందరగా తేరుకుంటాడని చాలామంది అంటారు, మెదడు విషయంలో అది తప్పు, చిన్నోళ్లకే ఎక్కువ టైమ్ కావాలి. డాక్టర్ రాసిచ్చాకే పంపండి. స్కూల్ మ్యాచ్‌కీ ఇదే లెక్క, వేరే టీమ్ కాబట్టి పర్లేదు అనే మాట లేదు.

ప్రశ్న: సార్, 2025లో ఇంగ్లండ్‌లో మన హైదరాబాద్ సిరాజ్ ఐదు టెస్టులకి ఐదూ ఆడాడు, 23 వికెట్లు తీశాడు, ఓవల్‌లో ఆఖరి రోజు కూడా అదే స్పీడ్. బుమ్రా మూడే ఆడాడు. ఈ వర్క్‌లోడ్ అనేదంతా ఉత్తదేనని మా ఫ్రెండ్స్ అంటున్నారు. – ఒక డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: సిరాజ్‌ని చూసి గర్వపడని తెలుగోడు ఉండడు, నేను ఆ ఆఖరి రోజు ఆట ఇక్కడ రాత్రి చూశాను. 185 ఓవర్లకి పైగా వేశాడు ఆ సిరీస్‌లో. కానీ అప్పటికి అతని వయసు 31, అన్ని ఓవర్లు మోసే ఒళ్లు ఒక్క సీజన్‌లో రాలేదు, ఏళ్ల తరబడి రంజీల్లో, టెస్టుల్లో వేసి వేసి కట్టుకున్నది. సిరాజ్ మోసిన బరువు 18 ఏళ్ల వాడి మీద పెట్టి చూడు వీడు మొయ్యట్లేదు అనడం న్యాయం కాదు.

బుమ్రా విషయంలో నాకు నచ్చింది ఏంటంటే మూడు టెస్టులే అని సిరీస్ మొదలవ్వక ముందే చెప్పేశారు. 2023లో వెన్నుకి ఆపరేషన్ అయిన మనిషి, మళ్లీ సిడ్నీ టెస్టులో వెన్ను పట్టేసింది. సిరీస్‌లో వెనకబడ్డా ఆ మాట మార్చలేదు. అప్పుడు ఎంతమంది తిట్టారో నీకు గుర్తుండే ఉంటది. నేను జూనియర్ కోచ్‌లకి చెప్పేది కూడా ఇదే, రెస్ట్ ముందు డిసైడ్ చేస్తేనే అది రెస్ట్, ఒంట్లో ఏదో పట్టేశాక కూర్చోబెడితే దాన్ని దెబ్బ అంటారు.

ప్రశ్న: నేను బ్రిస్బేన్ బ్రాంకోస్ ఫ్యాన్‌ని. 2023 లాస్ట్ రౌండ్‌లో మెయిన్ ప్లేయర్స్‌కి రెస్ట్ ఇచ్చి మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో 32-22తో ఓడిపోయాం, టేబుల్ టాప్ ప్లేస్ పెన్‌రిత్‌కి పోయింది, తర్వాత ఫైనల్లోనూ వాళ్ల చేతిలోనే 26-24. రెస్ట్ ఇవ్వకపోతే కథ వేరేగా ఉండేది కదా? – ఒక ఐటీ ఉద్యోగి, బ్రిస్బేన్

జవాబు: మీ బాధ అర్థమైంది. చివరికి రెండు టీమ్స్‌కీ సరిగ్గా 18 గెలుపులే, పాయింట్ల తేడా మీద పెన్‌రిత్ పైకెళ్లింది, ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే టాప్ మీదే. కానీ మధ్యలో ఒకటి వదిలేశారు మీరు, ఆ రెస్ట్ తర్వాత ఫైనల్స్ (లీగ్ మ్యాచ్‌లు అయ్యాక కప్పు కోసం ఆడే మ్యాచ్‌లు) మొదటి వారంలో అదే స్టార్మ్‌ని అదే గ్రౌండ్‌లో 26-0తో కొట్టారు. ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు! గ్రాండ్ ఫైనల్లో 24-8 ఆధిక్యంలో ఉండి ఓడిపోవడానికి కారణం నెల కిందటి రెస్ట్ కాదు, ఆఖరి ఇరవై నిమిషాల్లో నేథన్ క్లియరీ ఆడిన ఆట. అంతకుముందు ఏడాది పెన్‌రిత్ కూడా ఇదే పని చేసింది, టాప్ ప్లేస్ ఖాయం అయ్యాక ఆఖరి రౌండ్‌కి టౌన్స్‌విల్‌కి దాదాపు రెండో టీమ్‌ని పంపి కౌబాయ్స్ చేతిలో 38-8తో ఓడింది, తర్వాత కప్పు గెలిచింది. 2022లో ఆ క్లబ్ ఎస్‌జీ బాల్, అండర్ 21, రెండో గ్రేడ్, ఎన్ఆర్ఎల్ నాలుగూ గెలిచింది. పెద్దోళ్లకి రెస్ట్ ఇచ్చిన రోజు కింద గ్రేడ్ కుర్రాడికి ఒక మ్యాచ్ దొరుకుద్ది, ఒక్క మ్యాచ్ రుచి చూసి మళ్లీ తన వయసు వాళ్ల మధ్యకి వెళ్తాడు, కుర్రాళ్లని పైకి తేవడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

నాకు ఆఖరి రౌండ్ రెస్ట్ మీద ఒక్క అభ్యంతరం ఉంది. కుర్రాళ్లకి అది చాలా లేటు. ఎన్ఆర్ఎల్‌లో ఒక్కో టీమ్‌కి 24 మ్యాచ్‌లు, 27 రౌండ్లు, అంటే మూడు వారాలు ఎలాగూ ఖాళీ వస్తది, మొదటి సీజన్ ఆడే 19 ఏళ్ల వాడికి నేనైతే సీజన్ సగానికి వచ్చేసరికి ఇంకో రెండు వారాలు కలుపుతా, ఆ టైమ్‌లో ట్రైనింగ్‌లో కూడా గుద్దుకునే పని పెట్టను.

ప్రశ్న: అన్నా, నాకు 18, లీడ్స్‌లో ఉంటా, అమెచ్యూర్ క్లబ్‌లో స్టాండాఫ్, అంటే ఆటని నడిపించే పొజిషన్‌లో ఆడతా. వరుసగా తొమ్మిది మ్యాచ్‌లు ఆడాక కోచ్ ఈ శనివారం రెస్ట్ అన్నాడు. నేనేమీ అలిసిపోలేదు. డ్రాప్ చేసి మర్యాదగా రెస్ట్ అన్నాడేమో అని నిద్ర పట్టట్లేదు. ఇంట్లో చెప్పలేదు. – పేరు రాయొద్దన్నా

జవాబు: తమ్ముడూ, ముందు ఇంట్లో చెప్పు. ఇలాంటిది ఒక్కడివే లోపల పెట్టుకుని తిరగొద్దు.

నువ్వున్న చోటికి దగ్గర్లోనే, హడర్స్‌ఫీల్డ్‌లో 1895లో ఈ ఆట వేరుపడింది, ఎందుకో తెలుసా, మ్యాచ్ కోసం పనికి వెళ్లలేని వాళ్లకి పోయిన కూలి డబ్బు ఇవ్వాలా వద్దా అనే గొడవ మీద. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆడిన ఆట ఇది, ఒళ్లు పోతే ఇల్లు గడవదని అక్కడ అందరికీ తెలుసు. ఆ ఊళ్లల్లో పెరిగిన కోచ్ 18 ఏళ్ల వాడిని ఒక వారం ఆగమన్నాడంటే అందులో కోపం ఉందని నేను అనుకోను.

2021లో రూస్టర్స్‌కి సామ్ వాకర్ అని హాఫ్‌బ్యాక్ వచ్చాడు, అదీ నీ పొజిషన్ లాంటిదే, వయసు నీలాగే 18, సన్నటి కుర్రాడు, లూక్ కియరీకి మోకాలు పోవడంతో సీజన్ మొదట్లోనే టీమ్‌లోకి రావాల్సొచ్చింది. ప్రతి టీమూ పెద్ద పెద్ద ఫార్వర్డ్‌లని సరిగ్గా అతని మీదకే పరిగెత్తించేది, నీ పొజిషన్‌లో నీకూ అదే జరుగుతుంటది. సీజన్ చివరికొచ్చేసరికి కోచ్ ట్రెంట్ రాబిన్సన్ అతన్ని మొదటి నుంచి ఆడించకుండా బెంచ్ మీద నుంచి దింపడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆ కుర్రాడికీ నీలాగే అనిపించి ఉండొచ్చు. ఓడితే ఇంటికే అనే ఫైనల్స్ మ్యాచ్‌లో గోల్డ్ కోస్ట్ టైటన్స్ మీద బెంచ్ నుంచి వచ్చి గెలిపించిన ఫీల్డ్ గోల్ (ఆట మధ్యలో బంతిని తన్ని పోస్టుల మధ్యకి పంపడం) కొట్టింది అతనే, స్కోరు 25-24.

అలిసిపోలేదని రాశావు. తొమ్మిది మ్యాచ్‌లు వరుసగా ఆడినవాడికి అలుపు అలుపులా తెలీదు, కిక్ రెండు మీటర్లు తక్కువ పడుతుంటది, పాస్ వెనకాల పడుతుంటది, ఇవాళ గాలి ఎక్కువుందిలే అనుకుంటాం. మీ టీమ్ వీడియో ఏదైనా ఉంటే మొదటి మూడు మ్యాచ్‌లు, ఈ మధ్యవి మూడు పక్కపక్కన పెట్టి చూడు, బంతి మీద కాకుండా ట్యాకిల్‌కి వెళ్లేటప్పుడు నీ కాళ్ల మీద కళ్లు పెట్టు.

మంగళవారం ట్రైనింగ్ అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి కోచ్‌ని సూటిగా అడుగు, ఇది రెస్టా, నా ఆటలో ఏదైనా నచ్చలేదా, మళ్లీ ఏ మ్యాచ్‌కి నన్ను చూస్తున్నావు అని. మంచి కోచ్ అయితే మ్యాచ్ పేరు చెప్తాడు. పేరు చెప్పకుండా దాటేస్తే ఏం సరిచేసుకోవాలో అడిగి రాసుకుని రా. శనివారం మాత్రం ఇంట్లో కూర్చోకు, గ్రౌండ్‌కి వెళ్లు, నీ పొజిషన్‌లో ఆడేవాడికి నీళ్లు పట్టుకెళ్లు, నీకు అడ్డం వచ్చే ఫార్వర్డ్‌లు ఎక్కడి నుంచి పరుగు మొదలుపెడుతున్నారో పక్క నుంచి చూడు, లోపల ఉన్నప్పుడు అది అస్సలు కనపడదు. అయ్యాక ఏం చూశావో నాకు మెయిల్ పెట్టు, పేరు రాయనులే.